నూకుడు బండి

తాళంచెవి తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు. అంతే. అమ్జద్ రెండోసారి తిప్పలేదు. తిప్పినా లాభం లేదని అతనికి తెలుసు, వెనక సీట్లో కూర్చున్న శ్యాంసుందర్ సేటుకూ తెలుసు. అయినా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ టక్కు వినపడాలి. అది విన్నాకే గుమస్తా కుమార్ సాంచాల షెడ్డు గుమ్మంలో నిలబడి చప్పట్లు కొడతాడు.

"నూకుడుకు రాండ్రి."

సాంచాలంటే మరమగ్గాలు. వాటి మోతలో అతని మాటా వినపడదు, చప్పట్లూ వినపడవు. గుమ్మానికి దగ్గరున్న సాంచాల మీద పనిచేసేవాళ్లకు ఆ ఊగే చేతులు కనపడతాయి. ఒక్కో సాంచె ఆగుతుంది. బనీన్ల మీద, కనుబొమ్మల మీద, చెవుల్లోని వెంట్రుకల మీద తెల్లటి దూది నూగుతో మనుషులు ఎండలోకి వచ్చి కళ్లు చిట్లిస్తారు. ఎవరూ ఏమీ అడగరు. కారు వెనక్కి పోయి డిక్కీ మీద చేతులు ఆనిస్తారు.

సిరిసిల్లలో ఆ వాడ వాడంతా ఆ కారును నూకుడు బండి అనే అంటుంది. సేటుకు ఆ మాట వినపడ్డా కోపం రాదు. కొన్న ఏడాదే కొత్త సాంచాలు దిగినయని, కలిసొచ్చిన బండని దాన్ని అమ్మడు. స్టార్టర్ మోటరు పాడై నెలలు గడిచినా బాగు చేయించడు. ఊళ్లో మెకానిక్కులు బానెట్ ఎత్తి చూసి, మోటరు ఇంజనుకూ వెనక రేకుకూ నడుమ ఎక్కడో ఇరుక్కుని ఉందని, సగం ఇంజను ఇప్పితే తప్ప చేతికి రాదని చెప్పి పోయారు. సేటుకు ఆ మాట బాగా నచ్చింది. ఎవరు అడిగినా అదే చెబుతాడు. "నలుగురు నూకితే అయ్యేదానికి ఇంజను ఇప్పిచ్చుకోవాల్నా?"

అమ్జద్‌కు అన్నిటికన్నా రోత పుట్టించేది నూకేవాళ్ల నవ్వు. డిక్కీ మీద చేతులు పెట్టగానే వాళ్ల మొహాల మీదికి ఎక్కడి నుంచో ఒక నవ్వు వచ్చి కూర్చుంటుంది. సేటు అద్దంలో చూస్తున్నాడేమోనన్న నవ్వు. ఇంజను నడవనిదే ఏసీ రాదు కాబట్టి సేటు కిటికీ అద్దం దించుకుంటాడు. నోట్లో జర్దా పాన్. బండి కదులుతుండగానే మెడ బయటపెట్టి ఉమ్మేస్తాడు. ఆ ఉమ్మి తలుపు మీదుగా జారి వెనక చక్రం వైపు చారలు కడుతుంది. అటు పక్కన నూకేవాడు ఒక అడుగు ఎడంగా జరుగుతాడు, నవ్వు మాత్రం చెదరదు. ఆ చారలు రోజూ కడిగేది అమ్జదే. గుడ్డ పిండితే నీళ్లు ఎర్రగా కారతాయి.

ఇంకో మనిషి కూడా ఉంది. మమతారాణి. షెడ్డులో ఓ మూల కండెలు చుట్టే మనిషి. ఆమెను ఎవరూ పిలవరు. చప్పట్లు కొట్టగానే మగవాళ్ల వెంబడి తానూ వచ్చి వెనక తలుపు మీద చెయ్యి వేస్తుంది. నూకినట్టూ ఉండదు, నూకనట్టూ ఉండదు. కిటికీ పక్కనే నడుస్తూ, వంగి సేటుతో ఏదో మాట్లాడుతుంది. సేటు తల ఊపుతాడు. బండి అందుకోగానే ఆమె ఆగిపోతుంది. పక్క అద్దంలో ఆ వంగిన తల చూసినప్పుడల్లా అమ్జద్ మనసులో ఒకటే అనుకునేవాడు: పిలవని పనికి వచ్చి చాడీలు చెప్పుకుంటోంది. మొగోళ్లకంటే అన్యాయం ఈ మనిషి.

ఆ పొద్దున బండి కొంచెం ఎక్కువ మొరాయించింది. రాత్రంతా ఆగి ఇంజను బిగుసుకుని ఉంది. రెండో గేరులో పెట్టి, వేగం వచ్చిందనిపించాక అమ్జద్ క్లచ్చి వదిలాడు. బండి ఒక్కసారిగా గుంజుకుని అందుకుంది. వెనక చేతులన్నీ గాలిలోకి పోయాయి. అద్దంలో ఒక మనిషి మొహం కిందికి పోయి కనపడకుండా పోయింది. ఆ తర్వాత మోరీ కాలువ పక్క బండరాళ్ల మీద బోర్లా పడ్డ మనిషి కనిపించాడు. తెల్ల బనీను. వెంకటి. షెడ్డులో అందరికంటే పెద్దవాడు.

"సేటు, వెంకటి పడ్డడు."

"కనవడ్డది. నడువు."

"గదువ వగిలినట్టుంది సేటు."

"ఆపినవంటే బంద్ పడ్తది. మళ్ల ఎవడు నూకాలె? ఉన్నోళ్లల్ల ఒకడు పడనే పాయె." సేటు కిటికీలోంచి ఉమ్మి, అద్దం ఎక్కించాడు. "ఏసీ పెట్టు."

అమ్జద్ బండి ఆపలేదు. ఆపాలనుకున్నాడు, కానీ కాలు ఎక్సలేటర్ మీదే ఉండిపోయింది. మూలమలుపు తిరిగాక కూడా అది అక్కడే ఉంది. తన కాలు తనది కానట్టు దాని వైపు ఒకసారి చూశాడు. చెయ్యి పోయి ఏసీ మీట నొక్కింది.

*

ఇంటికొచ్చాక భార్య యాస్మీన్ పళ్లెంలో రొట్టెలు పెట్టి, కూర గిన్నె ముందుకు జరిపింది. అతను ఒక ముక్క తుంపి, చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు. సేటు అన్న మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పాడు, కుమార్ చప్పట్ల గురించి చెప్పాడు, నవ్వుల గురించి చెప్పాడు. ఛీ అన్నాడు. ఏం బతుకులు అన్నాడు. యాస్మీన్ అంతా వింది.

"మరి నువ్వేం చేసినవ్?"

"ఏం చేస్త? తోలిన."

ఆమె కూర గిన్నె మీద మూత పెట్టింది. తర్వాత అంది. "పెండ్లి కాకముందు కరీంనగర్ల జబ్బార్ చాచా షెడ్డుల పని చేసినోనివే గద. బాగు చెయ్యరాదు?"

"గా మోటరు చెయ్యి పట్టని జాగల ఉన్నది."

"చెయ్యి పట్టదా, మనసు పట్టదా?"

అతను పళ్లెం పక్కకు నెట్టి లేచిపోయాడు. కానీ మర్నాడు సేటు కారులో కూర్చోగానే, తాళంచెవి తిప్పకముందే అడిగాడు.

"స్టార్టర్ నేనే మారుస్త సేటు. బండి రెండ్రోజులు నాకు ఇడిసిపెట్టుండ్రి."

సేటు ఫోన్ లోంచి తల ఎత్తాడు. "నీకు వస్తదా?"

"వస్తది."

"అంత తిప్పలెందుకు? మనుషులున్నరు గద."

"నిన్న ఒకలు పడ్డరు. రేపు కాలు చక్రం కిందికి వోతే కేసయితది సేటు."

వెంకటి గదువ కన్నా కేసు అన్న మాట బాగా పనిచేసింది. ఎట్లాగూ సేటు బామ్మర్ది బండిలో ధర్మపురి పోతున్నాడు, నరసింహస్వామికి మొక్కు ఉంది. వచ్చేదాకా బండి పని లేదు. "సరే. కొత్త సామాన్ పెట్టకు. పాతదే ఏడన్న దొరుకుతదేమో చూడు. షెడ్డెనక పెట్టుకో. ముందట పెడ్తే పనోళ్లందరు నిన్నే సూస్తరు."

*

కరీంనగర్‌లో జబ్బార్ చాచా ఇప్పుడు బళ్లు బాగు చేయడం మానేసి, విప్పి అమ్ముతున్నాడు. దుకాణం వెనక తలుపులు లేని కార్లు, కళ్లు పీకేసిన కార్లు ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి. అమ్జద్ బండి పేరు చెప్పగానే ముసలాయన గడ్డం గీరుకున్నాడు.

"గా బండా? దానికి స్టార్టర్ వెట్టినోడు, మళ్ల దాన్ని ఎవడన్న ఇప్పాలె అని సోంచాయించలేదు బేటా."

కుప్పలోంచి ఒక మోటరు తీసి, నేల మీద పెట్టి, కాలితో తొక్కి పట్టి, బ్యాటరీ వైర్లు ఆనించాడు. మోటరు కాలి కింద ఒక్కసారి ఎగిరిపడింది. ముందున్న చిన్న పళ్ల చక్రం బయటికి దూకి గిర్రున తిరిగింది. జబ్బార్ వైర్లు తీసి, లోపలి కార్బన్లు విప్పి చూపించాడు. అరగకుండా ఇంకా సగం పైనే ఉన్నాయి. పొడుగు రాడ్డు, ఎటైనా మెడ తిరిగే జాయింటు కూడా ఇచ్చాడు.

"పై బోల్టుకు రాడ్డు పనికొస్తది. కింద బోల్టుకు నీ చెయ్యే. కండ్లకు కనవడదు, ఏళ్లతోనే చూసుకోవాలె. ముందుగాల బ్యాటరీ మైనస్ వైరు తీయి, యాదిపెట్టుకో."

*

బండిని షెడ్డు వెనక్కి చేర్చింది కూడా నూకే. వెంకటి రాలేదు, అతని గదువకు, గడ్డం కింద, కుట్లు పడ్డాయి. షెడ్డు వెనక గోడకూ ప్రహరీకీ మధ్య కారు పట్టేంత జాగా. ఓ పక్క నూలు చుట్టే పాడైన బీములు, తుప్పుపట్టిన సామాను. ఇంకో చివర రెండు మరుగుదొడ్లు. ఒకదానికి తాళం. ఇంకోటి అమ్జద్ సరిగా చూడలేదు. అటు నుంచి వాసన వస్తోంది, ముక్కుకు తువ్వాల చుట్టుకున్నాడు.

బ్యాటరీ వైరు తీశాడు. గాలి డబ్బా, దాని గొట్టం, ఎక్సలేటర్ తీగ, చిన్న చిన్న వైర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే తీసి, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాడు. ఇంజనుకు గాలి పంచే అల్యూమినియం గొట్టాల గుత్తి ఒకటి, చేతి వేళ్లలా వంగి, మోటరు మీద కమ్ముకుని ఉంది. దాన్ని కదిలిస్తే తప్ప కింద ఏముందో కనపడదు. బోల్టులకు తుప్పు. డీజిల్ పోసి నాననిచ్చి, పానా వేసి, మెల్లగా ముందుకూ వెనక్కీ ఆడించాడు. ఒకటి కిర్రుమని కదిలింది. అది విరగనందుకు ఊపిరి వదిలాడు.

గుత్తి పైకి ఎత్తగానే గుప్పుమని వచ్చిన కంపుకు వెనక్కి తూలాడు. మోటరు ఉన్న సందంతా షెడ్డులోంచి వచ్చిన దూది నూగు. ఆయిల్ తాగి తాగి నల్లటి కంబళిలా గట్టిపడి ఉంది. అందులో ఎలుక గూడు కట్టింది. నూలు ముక్కలు, పాన్ పొట్లాల కాగితాలు, మధ్యలో ఎలుక. ఎన్నాళ్ల కిందట చచ్చిందో, చర్మం ఇంజను వేడికి అట్టకట్టి మోటరు ఒంటికి అతుక్కుపోయింది. కింది భాగం ఇంకా మెత్తగానే ఉంది. అమ్జద్ ప్రహరీ పక్కకు పోయి, పొద్దున తాగిన చాయ్ కక్కుకున్నాడు. నోరు కడుక్కుని వచ్చి, పుల్లతో, ఆ తర్వాత పుల్లతో కాదని చేతితోనే, అదంతా పీకి గోనెలో వేశాడు. ఆ ఎలుక మీద కూర్చునే కదా ఇన్నాళ్లూ సేటు ఏసీ పెట్టు అన్నది అనుకున్నాడు. తానూ దాని మీదే కూర్చున్నాడని ఆ వెంటనే గుర్తొచ్చింది.

పై బోల్టు రాడ్డుకు వచ్చేసింది. కింది బోల్టు కోసం బండిని జాకీతో లేపి, కట్టె మొద్దులు పెట్టి, ముందు చక్రం తీసి, వెల్లకిలా కిందికి దూరాడు. మోచేయి దాకా సందులో పెడితే వేళ్ల కొసలకు బోల్టు తల తగులుతోంది. పానా పెడితే తిరిగేది గోరంత మేర. తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ గోరంత. ఇనుప రేకు అంచు మోచేతిని కోస్తోంది. కళ్లతో చేసే పని ఏమీ లేదు కనుక అతను తల పక్కకు తిప్పి, కారు కింది నుంచి కనపడే నేలను చూస్తూ పడుకున్నాడు.

అప్పుడు కనిపించాయి పాదాలు. ఆడవాళ్లవి. నూగు పట్టిన రబ్బరు చెప్పులు. మూల తిరిగి వచ్చి, ఆగి, వెనక్కి తిరిగి పోయాయి. కాసేపటికి మెట్టెలున్న ఇంకో జత. అవీ ఆగాయి, పోయాయి. మొదట అతను పట్టించుకోలేదు. బోల్టు సగం వచ్చేసరికి అవే రబ్బరు చెప్పులు మళ్లీ వచ్చాయి. ఈసారి పోలేదు.

"అన్నా." మమతారాణి గొంతు. "ఇంకెంతసేపు వడ్తది?"

"ఎందుకు?"

అతను చేయి సందులోంచి తీసి, కారు కింది నుంచి బయటికి జరిగి, లేచి కూర్చున్నాడు. ఆమె అతని వైపు చూడడం లేదు. ఆమె చూస్తున్న వైపు అతనూ చూశాడు. తాళం లేని రెండో మరుగుదొడ్డికి తలుపు లేదు. అసలే లేదు. మేకులకు చినిగిన చీర ముక్క ఒకటి వేలాడుతోంది, అదీ గాలికి పక్కకు పోయి లోపలంతా కనపడుతోంది. అతను పడుకున్న చోటు నుంచి ఇంకా బాగా కనపడుతుంది.

అమ్జద్‌కు మొహం మీద వేడి నీళ్లు పోసినట్టయింది. "తాళం వేసింది వాడుకోరాదుండ్రి?"

"అది ఆఫీసుది. సేటుకు, కుమార్‌కు."

అతను ఆ గ్రీసు చేతులతోనే లోపలికి పోయి కుమార్‌ను తాళంచెవి అడిగాడు. కుమార్ కుర్చీలోంచి లేవలేదు. "సేటు ఇయ్యద్దన్నడు భాయ్. ఆడోళ్లు ఖరాబు చేస్తరట." ఆ మాట అంటూ చిన్నగా నవ్వాడు. అది నూకేవాళ్ల నవ్వే. అమ్జద్ వెనక్కి వచ్చి, డిక్కీలోంచి కారు మీద కప్పే పెద్ద గుడ్డ తీసి, ఆ దొడ్డి గుమ్మానికి అడ్డంగా మేకులకు బిగించి కట్టాడు.

"నేను ముందట రోడ్డు మీద ఉంట. అందర్ని రమ్మను. అయినంక పిలువు."

తర్వాత ఆమే వచ్చి పిలిచింది. అతను మళ్లీ కారు కిందికి దూరబోతూ ఆగాడు. చాలా రోజులుగా మనసులో ఉన్నది నోటికి వచ్చింది.

"రోజు బండెంబడి వచ్చి సేటుకు ఏం చెప్తుంటవమ్మా?"

ఆమె అతన్ని వింతగా చూసింది. "నీకు ఇనవడదా? ముందటనే కూసుంటవ్ గద."

"సాంచాల మోతల..."

"మోత నాకు లేదా?" అంది ఆమె. కోపంగా కాదు. "గీ తలుపు ముచ్చటనే. వానకాలంల పాతది కూలింది. అప్పటి సంది చెప్తున్న. షెడ్డుల చెప్పవోతే పనప్పుడు ముచ్చట్లేంది అంటడు. ఆఫీసులకు మమ్ముల రానియ్యడు. ఇంటికి వోతే పూజల ఉన్నడని అంటరు. బండి సురువయ్యేదాంక మాత్రం ఎటువోతడు? గందుకే ఉరికస్త. సగం చెప్పంగనే నువ్వు సురు చేస్తవ్."

అమ్జద్ చేతిలోని పానాను గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. తుడవాల్సింది ఏమీ లేదు.

"పనికొచ్చే రోజు మేం నీళ్లు తాగుడే బంద్ వెట్టినం అన్న. కాలేజీ సదువుతున్న పోరి ప్రవళిక ఒకతి సెలవులల్ల కండెలు చుట్ట వచ్చింది. మంటవడ్తుందని మొన్న ఏడ్చుకుంట ఇంటికి వోయింది, మళ్ల రాలే." ఆమె చీర కొంగుకు అంటిన నూలు పోగులు ఏరుకుంటూ విప్పిన ఇంజను వైపు చూసింది. "దీన్ని మంచిగ చేస్తవా ఇగ?"

"చేస్త."

"తాళం తిప్పితే అందుకుంటదా?"

"అందుకుంటది."

బండి వెంబడి నడుస్తూ చెప్పుకునే ఆ కాస్త సమయం ఇక ఉండదని ఆమె అనలేదు. మగవాళ్లకు నూకుడు తప్పుతుంది, మంచిదే. ఆ మాటా అనలేదు. చెప్పుల చప్పుడు మూల తిరిగింది.

అమ్జద్ కారు కిందికి దూరి, వేళ్లతో బోల్టు వెతుక్కున్నాడు. ఇన్నాళ్లూ అద్దంలో చూసి చాడీలకోరు అనుకున్న మనిషి. మొగోళ్లకంటే అన్యాయం అనుకున్న మనిషి. సేటు మీద, కుమార్ మీద, నూకేవాళ్ల నవ్వుల మీద వచ్చిన రోత ఏదీ ఇంత దగ్గరగా రాలేదు. ఇది నోట్లోనే ఉన్నట్టుంది, ఉమ్మేస్తే పోయేది కాదు. బోల్టు చివరి చుట్టు తిరిగి అరచేతిలో పడింది. మోటరు బరువంతా ముంజేతి మీదికి జారింది.

విప్పి చూస్తే పాత మోటరు కార్బన్లు అరిగి అరిగి లేనట్టే ఉన్నాయి. చిన్న చక్రం పళ్లు మొండివి. పని అక్కడితో ఆపేసి, పాతదే మళ్లీ బిగించి, కుదరలేదని చెబితే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం ఆ ఆలోచన కూడా వచ్చింది. అప్పుడే గదువకు తెల్లపట్టీ వేసుకున్న వెంకటి మూల దగ్గర నిలబడి కనపడ్డాడు. పనికి కాదు, చూసిపోదామని వచ్చాడు. మాట్లాడితే కుట్లు లాగుతాయని పెదాలు కదలకుండా అడిగాడు.

"అయితదా భాయ్?"

"అయితది వెంకటన్నా. గా కొత్తది జర అందియ్యి."

వెంకటి మోటరును రెండు చేతులతో పసిపిల్లను అందించినట్టు అందించాడు.

మర్నాడు సాయంత్రానికి అన్నీ బిగించాడు. చినిగిన గాస్కెట్ చోట అట్ట కత్తిరించి కొత్తది చేశాడు. గుత్తి కూర్చోబెట్టి బోల్టులన్నీ ఒక్కటే తీరుగా బిగువు చూసుకుంటూ తిప్పాడు. ప్లగ్గులు ఫొటోలు చూసి పెట్టాడు. చక్రం ఎక్కించి, బండి దించి, చివరికి బ్యాటరీ వైరు. లోపల కూర్చుని తాళంచెవి తిప్పాడు. ఇంజను ఒక్కసారి కూడా తడబడకుండా అందుకుంది. వెంకటి ప్రహరీ మీద చెయ్యి ఆనించి తల ఊపాడు. అమ్జద్‌కు సంతోషం కలగలేదు. ఇంజను ఆపేశాడు. తర్వాత లేచి, గుమ్మానికి కట్టిన గుడ్డ విప్పకుండా అక్కడే ఉంచేసి ఇంటికి పోయాడు.

*

సేటు ధర్మపురి నుంచి గుండుతో వచ్చాడు. పొద్దున్నే షెడ్డు ముందు కారు తళతళలాడుతుంటే చుట్టూ ఒకసారి తిరిగాడు. తాళంచెవి తిప్పించి విన్నాడు, ఆపించాడు, మళ్లీ తిప్పించాడు. "వారెవా," అన్నాడు. వెనక సీట్లో కూర్చుని, పాన్ నోట్లో పెట్టుకుని, అలవాటుగా అద్దం దించాడు. ఇంజను ఆపే ఉంచమన్నాడు.

"కుమార్, వాళ్లను పిలువు. జర చూడనీ."

కుమార్ చప్పట్లు కొట్టాడు. సాంచాలు ఆగాయి. నూకేవాళ్లు వచ్చి, అలవాటు కొద్దీ డిక్కీ వైపు పోయి, అక్కడ ఏం చేయాలో తెలియక నిలబడ్డారు. వెంకటి ఆ రోజే పనిలోకి వచ్చాడు, అతనూ వచ్చాడు. మమతారాణి వాళ్ల వెనక నుంచి వచ్చి కిటికీ దగ్గర ఆగింది.

"ఇగ మీకు నూకుడు తప్పింది పోండ్రి," అన్నాడు సేటు, పాన్ ఒక చెంపకు నెట్టి. "అమ్జద్, నడువు."

"సేటు, గా దొడ్డి తలుపు..." అంది మమతారాణి.

"అమ్జద్. సురు చెయ్."

అమ్జద్ తాళంచెవి మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అద్దంలోకి చూడలేదు. "ఆమె మాట అయిపోనియ్యుండ్రి సేటు."

సేటు సరిగా విననట్టు ముందుకు వంగాడు. షెడ్డులో దూరపు సాంచాలు ఆడుతూనే ఉన్నాయి గానీ, ఇక్కడ ఆమె మాట వినపడేంత నిశ్శబ్దం ఉంది. ఇన్నాళ్లూ సగంలో తెగిన మాట ఆమె ఈసారి మొదటి నుంచి చెప్పింది. వానకు తలుపు కూలిన సంగతి, చీర గుడ్డ సంగతి, నీళ్లు తాగని సంగతి, ప్రవళిక ఏడుస్తూ ఇంటికి పోయిన సంగతి. పెద్ద మాటేం కాదు. చాయ్ చల్లారేలోపు అయిపోయే మాట. గొంతు పెంచలేదు. చెప్పడం అయ్యాక చెయ్యి తలుపు మీది నుంచి తీయలేదు.

సేటు నోరు పాన్ ఉమ్మితో నిండింది. జవాబు చెప్పాలంటే ఉమ్మాలి. ఈ కిటికీలో ఆమె మొహం ఉంది. అతను సీటు మీద జరిగి అటు పక్క అద్దం దించాడు. అక్కడ గదువకు పట్టీతో వెంకటి నిలబడి ఉన్నాడు. వెంకటి ఎడంగా జరగలేదు. నవ్వలేదు కూడా. సేటు బుగ్గలు ఉబ్బి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్జద్ అప్పుడు అద్దంలోకి చూశాడు. సేటు గొంతు ఒకసారి పైకి పోయి కిందికి దిగింది. ఉన్నదంతా మింగేశాడు.

కాసేపు దగ్గాడు. పెదవి కొసన ఎర్రటి చుక్క తుడుచుకున్నాడు.

"కుమార్," అన్నాడు బొంగురుగా, "రేకు తలుపొకటి పెట్టియ్."

"ఎన్నడు?" అంది మమతారాణి.

"ఇయ్యాల్నే."

ఆమె చెయ్యి తీసింది. అమ్జద్ తాళంచెవి తిప్పాడు.

*

కరీంనగర్ పోయి నూలు వ్యాపారులను కలిసి తిరిగి వచ్చేదాకా సేటు పాన్ వేసుకోలేదు. ఇంటి ముందు దిగేటప్పుడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నీ పని మంచిగున్నది అమ్జద్. నీ చెయ్యే మంచిగ లేదు. రేపటి సంది వేరే డ్రైవర్ సాగర్ అచ్చి తోలుతడు."

అమ్జద్ తాళంచెవి ఇచ్చేశాడు. ఇంటికి పోయి యాస్మీన్‌కు చెప్పాడు. ఆమె పిసుకుతున్న పిండి మీంచి తల ఎత్తి, "తోలినవా, ఆపినవా ఈసారి?" అని అడిగింది.

"ఆపిన."

"అయితే పనికి జబ్బార్ చాచాకు ఫోన్ చెయ్యి," అని మళ్లీ పిండి మీదికి వంగింది.

మర్నాడు పానాల డబ్బా తెచ్చుకోవడానికి అతను షెడ్డు వెనక్కి పోయాడు. ముందు వైపు నూకేవాళ్లలో ఒకడు కనిపించి కూడా పలకరించకుండా లోపలికి పోయాడు. వెంకటి మాత్రం ఎదురొచ్చాడు. "ఎందుకు భాయ్ గంత పని చేస్తివి, పిల్లలున్నోనివి," అన్నాడు. జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయాడు.

దొడ్డికి రేకు తలుపు పెట్టారు. పనికిరాని పాత రేకు. కింద జానెడు సందు, పక్కన సొట్ట. తలుపు ముందు మమతారాణి చెంబుతో నిలబడి దాన్ని ఆడించి చూస్తోంది. అతన్ని చూసి మంచి మాటేమైనా అంటుందనుకున్నాడు.

"కింద గింత సందు ఇడిసిండ్రు," అంది. "కాళ్లన్ని కనవడ్తయి. ఇది మళ్ల చెప్పాలె."

"ఎట్ల చెప్తవ్ ఇగ?"

"చెప్త ఎట్లనో," అంది ఆమె, అది పెద్ద కష్టమేం కాదన్నట్టు. "గొళ్లెం మాత్రం మంచిదే పెట్టిండ్రు."

ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది. రేకు ఒకసారి గీరుకుంది. లోపలి నుంచి గొళ్లెం పడింది. అమ్జద్ డబ్బా భుజానికి ఎత్తుకుని, వెనక్కి చూడకుండా మూల తిరిగాడు.